పదో తరగతి లెక్కల గైడ్: ఏ పాఠానికి తెరవాలి, ఏ పాఠానికి మూసేయాలి

మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే పదో తరగతి పిల్లల్లో చాలామంది సంచుల్లో ఈ ఏడాది ఒకే లెక్కల గైడ్ కనిపిస్తోంది. ఎర్ర అట్ట, దాని మీద "ప్రతి లెక్కా స్టెప్ బై స్టెప్" అని పసుపు అక్షరాలు. పిల్లల దగ్గర అరువు తీసుకుని చూడటం ఎందుకని విజయవాడ లెనిన్ సెంటర్‌లో నేనూ ఒకటి కొన్నాను. అట్ట మీద ధర 340 రూపాయలు, బేరమాడితే 270కి ఇచ్చాడు. పబ్లిషర్ పేరు మాత్రం ఇక్కడ రాయను. పక్క పబ్లిషర్ గైడ్ తీసినా దాదాపు ఇవే మంచి గుణాలు, ఇవే లోపాలు. ఒక్కళ్లనే పేరు పెట్టి అనడం న్యాయం కాదు.

నేను బీఎస్సీ ఎంపీసీ చదివాను. కొన్నేళ్లు స్కూల్లో చెప్పి మానేసి, ఇప్పుడు సింగ్ నగర్‌లో ఇంటి దగ్గరే సాయంత్రాలు ట్యూషన్ చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో లెక్కలంటే భయపడే పిల్లలే ఎక్కువ. కాబట్టి ఈ గైడ్ టాపర్లకి ఎలా ఉంటుందో నన్ను అడగొద్దు. 35 దాటితే చాలు దేవుడా అనుకునే పిల్లాడి పక్కన కూర్చుని చూస్తే ఎలా ఉందో చెప్పగలను.

గైడ్‌లో రెండు భాగాలు. మొదటి భాగంలో టెక్స్ట్‌బుక్ అభ్యాసాలన్నిటికీ జవాబులు. అది ప్రతి గైడ్‌లోనూ ఉండేదే, దాని గురించి చెప్పేదేం లేదు. రెండో భాగం పేరు "మిశ్రమ లెక్కలు". అన్ని పాఠాల లెక్కల్నీ కలిపేసి, పైన పాఠం పేరు లేకుండా ఇచ్చారు. ఈ ఆలోచన నాకు బాగా నచ్చింది. అభ్యాసం 5.3 అని పైన రాసి ఉంటే అది అంకశ్రేఢి అని పిల్లాడికి లెక్క చదవకముందే తెలిసిపోతుంది. పబ్లిక్ పరీక్షలో ఆ సాయం ఉండదు. మన ఆంధ్ర పేపర్లో 33 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 8 మార్కులవి 5 ప్రశ్నలు, అంటే 40 మార్కులు అక్కడే. ఆ పెద్ద లెక్క చూడగానే ఇది ఏ పాఠంలోదో పోల్చుకోవడమే సగం పని.

కొన్నది ఆ రెండో భాగం కోసమే. కాబట్టి దాని గురించే రాస్తాను.

ముందు పడవ లెక్క. నిలకడ నీటిలో గంటకు 15 కిలోమీటర్లు పోయే పడవ, ప్రవాహానికి ఎదురుగా 30 కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ బయల్దేరిన చోటికి రావడానికి మొత్తం నాలుగున్నర గంటలు పట్టింది. ప్రవాహ వేగం ఎంత? గైడ్ మొదటి వరుసలోనే ఇలా రాసింది:

30/(15 − ఎక్స్) + 30/(15 + ఎక్స్) = 9/2

ఆ తర్వాత అంతా శుభ్రంగా ఉంది. హారాలు కలిపి 900/(225 − ఎక్స్²) = 9/2 అని, అడ్డగుణకారం చేసి 225 − ఎక్స్² = 200 అని, ఎక్స్² = 25 అని, ఎక్స్ = 5 అని ఒక్కో వరుసా విడివిడిగా రాశారు. పరీక్ష దిద్దేవాళ్లు ఏ వరుసకి మార్కు వేస్తారో తెలిసినవాళ్లే రాశారని చూడగానే తెలుస్తుంది. కానీ నా పిల్లల్లో ఎవ్వరికీ 225 లోంచి 200 తీసేయడం కష్టం కాలేదు. ఆ మొదటి వరుస ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఎవ్వరికీ తెలియలేదు. "ఆంటీ, 15లోంచి ఎక్స్ ఎందుకు తీసేశారు?" అని అడిగితే గైడ్‌లో సమాధానం లేదు. పిల్లలు ఆగిపోయేది మొదటి వరుస దగ్గర, గైడ్ వివరించడం మొదలుపెట్టేది రెండో వరుస దగ్గర. పుస్తకం మొత్తం మీద నా ప్రధాన ఫిర్యాదు ఇదే.

నేను చెప్పేటప్పుడు ముందు మూడు గళ్లు గీయిస్తాను: దూరం, వేగం, కాలం. ఎదురు వెళ్లేటప్పుడు ఒక వరుస, తిరిగి వచ్చేటప్పుడు ఒక వరుస. దూరం గడిలో రెండుచోట్లా 30. వేగం గడిలో నది వెనక్కి లాగితే 15 − ఎక్స్, ముందుకి తోస్తే 15 + ఎక్స్. కాలం గడి మనమే నింపాలి, దూరాన్ని వేగంతో భాగించి. అప్పుడు మూడో గడిలో ఉన్న రెండిటినీ కలిపితే నాలుగున్నర. గైడ్ వాళ్లు ఒక అంగుళం స్థలం ఇస్తే ఆ పట్టిక పట్టేది.

ఇంకోటి, ఎక్స్² = 25 అయితే ఎక్స్ విలువ మైనస్ 5 కూడా కావచ్చు. గైడ్‌లో దాని ఊసే లేదు. "వేగం ఋణాత్మకం కాదు కాబట్టి వదిలేస్తున్నాం" అన్న ఒక్క వాక్యం లేకపోవడం వర్గ సమీకరణాల లెక్కలో చిన్న విషయం కాదు. నిజానికి ఈ లెక్కలో మైనస్ 5 పెట్టి చూస్తే సమీకరణంలోని రెండు భిన్నాలూ ఒకదాని చోట ఒకటి వస్తాయి, అంతే. అంటే నది అటు కాకుండా ఇటు పారుతోందని లెక్క. సందేహాలు ఎక్కువ ఉండే ఒక అమ్మాయికి ఇది చెబితే ముఖం వెలిగిపోయింది. ఇంకొకడు మాత్రం, "భవానీ ద్వీపానికి పడవలో వెళ్లాం కదా ఆంటీ, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే టైం పట్టింది" అన్నాడు. బ్యారేజీ పైన నీళ్లు నిలబడి ఉంటాయి నాన్నా, గేట్లు ఎత్తేంత వరదొస్తే పడవలే తిప్పరు అని చెప్పాల్సొచ్చింది. కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లలకి ఈ లెక్క నమ్మకం కలిగించడం కొంచెం కష్టమే.

త్రికోణమితి లెక్కల్లో గైడ్ మెరుగ్గా ఉంది, ఒక్క పటాల విషయంలో తప్ప. ఒకచోట నిలబడి టవర్ పైభాగాన్ని చూస్తే ఊర్ధ్వ కోణం 30 డిగ్రీలు, టవర్ వైపు 40 మీటర్లు నడిచి చూస్తే 60 డిగ్రీలు, ఎత్తు ఎంత అనే లెక్క ఉంది కదా, ప్రతి ఏడూ పిల్లలు భయపడే లెక్క. గైడ్ టాన్ 60, టాన్ 30 రెండూ రాసి, టవర్ అడుగు నుంచి దగ్గరి చోటుకి దూరం 20 మీటర్లని తేల్చి, ఎత్తు 20√3, అంటే సుమారు 34.64 మీటర్లు అని ముగించింది. ఒక్క స్టెప్పూ దూకలేదు, మెచ్చుకోవాలి. కానీ పటంలో బిందువులకి పేర్లు లేవు. కింద జవాబులో మాత్రం "త్రిభుజం ఏబీసీ నుండి" అని రాశారు. ఏ ఎక్కడ, బీ ఎక్కడ? పిల్లలు ఎవరికి తోచిన చోట వాళ్లు పెట్టుకుని, జవాబు మాత్రం గైడ్‌లోది దించేస్తారు. పటంలో ఒకటి, జవాబులో ఒకటి ఉంటే దిద్దేవాళ్లకి అసలు పటం పిల్లాడు గీశాడా అనే అనుమానం వస్తుంది.

ఈ లెక్కకే ఇంకో దారి ఉంది, గైడ్‌లో లేదు. నడిచిన దారి, రెండు చూపు గీతలు కలిసి ఒక త్రిభుజం అవుతాయి. అందులో దూరపు చోట కోణం 30. దగ్గరి చోట 60కి పక్క కోణం కాబట్టి 120. మిగిలింది 30. రెండు కోణాలు సమానం కాబట్టి రెండు భుజాలూ సమానం. అంటే దగ్గరి చోటు నుంచి టవర్ కొనకి ఉన్న దూరం కూడా 40 మీటర్లే. దాన్ని సైన్ 60తో గుణిస్తే 20√3 వచ్చేసింది. ఇదే పద్ధతిలో పరీక్షలో రాయమని నేను చెప్పను. జవాబు సరిచూసుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు. స్టెప్ బై స్టెప్ అని అట్ట మీద రాసుకున్న పుస్తకం, జవాబు సరిచూసుకునే స్టెప్ మాత్రం ఎక్కడా చూపించలేదు. మొత్తం రెండో భాగం తిరగేశాను, "సరిచూద్దాం" అన్న మాట ఒక్కచోటా కనపడలేదు.

సరిచూసుకుని ఉంటే శ్రేఢుల్లో తప్పు కూడా వాళ్లకే దొరికేది. 100కీ 500కీ మధ్య 7తో భాగించబడే సంఖ్యల మొత్తం ఎంత అనే లెక్క. మొదటిది 105, చివరిది 497. తేడా 392, దాన్ని 7తో భాగిస్తే 56, ఒకటి కలిపితే 57 సంఖ్యలు. గైడ్‌లో పదాల సంఖ్య 56 అని అచ్చయింది. కింద మొత్తం కట్టేటప్పుడు మాత్రం 57/2 × 602 అని రాసి, 17,157 అని సరైన జవాబే ఇచ్చారు. అచ్చుతప్పే, తెలుస్తోంది. కానీ ఇంటి దగ్గర ఒంటరిగా కూర్చున్న పిల్లాడికి ఎలా తెలుస్తుంది? వాడు 56 ఎందుకు 57 అయిందని గంటసేపు తల పట్టుకుంటాడు, లేకపోతే అసలు పట్టించుకోకుండా దించేస్తాడు. రెండోదే ఎక్కువ జరుగుతుంది. ఆ ఒకటి ఎందుకు కలపాలో మన పిల్లలకి ముందే సరిగ్గా తెలియదు, దాని మీద ఈ అచ్చుతప్పు.

ఇక మెచ్చుకోవాల్సింది క్షేత్రమితి. ఈ పాఠం కోసమైనా గైడ్ కొనొచ్చు. అర్ధగోళం మీద శంకువు పెట్టిన బొమ్మ, వ్యాసార్ధం 7 సెంటీమీటర్లు, శంకువు ఎత్తు 24, మొత్తం ఉపరితల వైశాల్యం కావాలి. గైడ్ ముందు బొమ్మ గీసి, రెండూ అతుక్కున్న చోట ఉన్న వృత్తాన్ని చుక్కల గీతతో చూపించి, "ఇది లోపల ఉంటుంది, బయటికి కనపడదు, కలపకూడదు" అని పక్కన రాసింది. ఈ ఒక్క వాక్యం విలువ నాకు తెలుసు. ఏటా సగం మంది పిల్లలు ఆ వృత్తాన్ని కలిపేసే మార్కులు పోగొట్టుకుంటారు. తర్వాత ఏటవాలు ఎత్తు 25 అని కనుక్కుని, విడివిడిగా 550, 308 అని కట్టి కలపకుండా, ఉమ్మడిగా ఉన్న 22/7 × 7ని బయటికి తీసి 22 × 39 = 858 చదరపు సెంటీమీటర్లు అని రెండు వరుసల్లో ముగించారు. గుణకారాల్లో తప్పులు చేసే పిల్లలకి ఇది పెద్ద ఊరట. ఈ పాఠం రాసినాయన, పడవ లెక్క రాసినాయన ఒకరు కాదని నా గట్టి అనుమానం.

సాంఖ్యక శాస్త్రం కూడా బాగుంది. సోపాన విచలన పద్ధతిలో సగటుకి పట్టికలు పెద్దవిగా, గళ్లు సరిగ్గా వేసి ఇచ్చారు. ఒక లెక్క చెబుతాను. 0-10 నుంచి 40-50 వరకు 5 తరగతులు, పౌనఃపున్యాలు 4, 6, 10, 12, 8. ఊహించిన సగటు 25 తీసుకుని, పౌనఃపున్యాలతో గుణించిన సోపాన విచలనాల మొత్తం 14 అని, సగటు 25 + (14/40) × 10 = 28.5 అని తేల్చారు. ఎక్కడా వేలు పెట్టే పని లేదు.

అదే పట్టికకి మధ్యగతం అడిగినప్పుడే మా దగ్గర చిన్న గొడవైంది. మొత్తం 40, సగం 20. సంచిత పౌనఃపున్యాలు 4, 10, 20, 32, 40. సరిగ్గా 20 అనేది 20-30 తరగతి దగ్గరే వచ్చి కూర్చుంది. గైడ్ 20-30ని మధ్యగత తరగతి అంది. స్కూల్లో సారు మాత్రం సగం కంటే ఎక్కువైన మొదటి తరగతి తీసుకోవాలి, కాబట్టి 30-40 అన్నారట. "గైడ్ తప్పా, సారు తప్పా?" అని పిల్లలకి టెన్షన్. రెండూ చేసి చూడమన్నాను. 20-30 తీసుకుంటే 20 + (10/10) × 10 = 30. 30-40 తీసుకుంటే 30 + (0/12) × 10, అదీ 30. టెక్స్ట్‌బుక్ చెప్పేది సారు పద్ధతే, పరీక్షలో అలాగే రాయమన్నాను. అయితే గైడ్ కూడా తప్పేం కాదు. ఇంత చిత్రమైన అంకెలు ఇచ్చినప్పుడు ఒక చిన్న గమనిక పెట్టి ఉంటే మా సాయంత్రం మిగిలేది. పెట్టకపోవడం వల్ల పిల్లలకి ఒక మంచి సంగతి తెలిసింది అనుకోండి, అది వేరే విషయం.

సంభావ్యత గురించి ఎక్కువ చెప్పను. రెండు పాచికల లెక్కకి 36 పర్యవసానాలూ గళ్లలో రాసి, మొత్తం 8 వచ్చేవి 5 అని సున్నాలు చుట్టి, 5/36 అన్నారు, బాగుంది. పేకముక్కల లెక్కల దగ్గర మాత్రం "52 కార్డుల కట్టలో ముఖ కార్డులు 12" అని ఊరికే అనేశారు. మా పిల్లల్లో పేక చూసినవాళ్లు చాలా తక్కువ, ఆడపిల్లలైతే మరీను. ఇస్పేటు, ఆఠీను, డైమండు, కళావరు అంటే ఏదో భాష అనుకుంటారు. గైడ్‌లో అర పేజీ బొమ్మ వేస్తే సరిపోయేది. నేనే ఒక పేక కట్ట కొని టేబుల్ సొరుగులో పెట్టుకున్నాను. ఒక పిల్లాడి నాయనమ్మ వాణ్ణి తీసుకెళ్లడానికి వచ్చి, నా చేతిలో రాణీ ముక్క చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇంటికెళ్లాక ఏమందో వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు.

సిద్ధాంతాల నిరూపణలు దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని పద్ధతిగా ఉన్నాయి. √5 కరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేనిది అని చూపించే దాంట్లో, మొదట్లో √5ని అలాంటి భిన్నమే అనుకుని "ఈ రెండు సంఖ్యలకి 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు" అని రాసుకుంటాం కదా, ఆ మాటని చివర్లో ఎందుకు తిరిగి తెస్తామో గైడ్ చెప్పిన తీరు బాగుంది. చాలామంది పిల్లలు ఆ వరుసని మంత్రంలా రాస్తారు, అక్కడే విరుద్ధత ఉందని తెలియకుండా.

గ్రాఫ్ లెక్కల పేజీలు చూసి మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "స్కేలు: రెండు అక్షాల మీద 1 సెం.మీ. = 1 యూనిట్" అని రాశారు. గ్రాఫ్ పేజీలో పట్టడానికి కుదించి అచ్చేశారు. నా దగ్గరున్న ప్రతిలో స్కేలు పెట్టి కొలిస్తే ఆ గడి సెంటీమీటరు లేదు. కుర్రాడొకడు నిజంగానే కొలిచి వచ్చి అడిగాడు.

భాష సంగతి. మన టెక్స్ట్‌బుక్కుల్లో ఒక పక్క ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి. ఇంగ్లిష్ మీడియం పిల్లలకి అర్థం కానప్పుడు పక్కకి చూసుకునే వీలుంటుంది. గైడ్ మాత్రం ఏ మీడియం కొంటే ఆ మీడియమే. తెలుగు మీడియం గైడ్‌లో భాష కొన్నిచోట్ల ఇంగ్లిష్ గైడ్‌ని మక్కీకి మక్కీ దించినట్టుంది, ప్రశ్న రెండుసార్లు చదివితే గానీ ఏం అడిగారో తెలియదు. అమ్మానాన్నలు పక్కన కూర్చుని చెప్పాలనుకుంటే తెలుగుది తీసుకోండి, కానీ ప్రశ్న మాత్రం టెక్స్ట్‌బుక్ నుంచే చదవండి.

ఫోను కెమెరా పెడితే లెక్క చేసిపెట్టే యాప్‌లు ఉండగా గైడ్ ఎందుకని ఒకళ్లిద్దరు తండ్రులు అడిగారు. సమీకరణం రాసిపెట్టాక దాన్ని సాధించడంలో ఆ యాప్‌లకి తిరుగులేదు, నేనూ వాడతాను. కానీ పదో తరగతి పిల్లాడికి ఫోను ఇచ్చి పక్కకి వెళ్లే ధైర్యం నాకు లేదు. టెక్స్ట్‌బుక్కుల్లో పాఠాల దగ్గర ఉండే క్యూఆర్ కోడ్‌లు స్కాన్ చేస్తే దీక్షా యాప్‌లో వీడియోలు వస్తాయి. అవి ఉచితం. గైడ్ కొనేముందు అవి ఒకసారి చూడండి.

వాడే పద్ధతి ఒకటి చెబుతాను, మా ఇంట్లో అమలు చేసేదే. మిశ్రమ లెక్కల భాగంలో జవాబు మీద కాగితం పెట్టి మూసి, పిల్లాడి చేత మూడే మూడు రాయిస్తాను: ఏ పాఠం, ఏం ఇచ్చారు, ఏం కావాలి. ఆ తర్వాత మొదటి సమీకరణం వాడే రాయాలి. అది రాశాకే కాగితం జరుపుతాను, అదీ ఒక్కో వరుసే. వాడి వరుసకీ గైడ్ వరుసకీ తేడా వస్తే అక్కడ ఆగుతాం. ఇలా వాడితే 270 రూపాయలకి బాగానే గిట్టుబాటవుతుంది. రాత్రి పదింటికి హోంవర్క్ దించడానికైతే ఏ గైడైనా ఒకటే.

బైండింగ్ గురించి చెప్పకపోతే కొన్నవాళ్లు నన్ను తిడతారు. జిగురు బైండింగ్, దసరా సెలవులకే త్రికోణమితి పేజీలు విడిపోయాయి. కొన్న రోజే మూడు చిల్లులు పొడిచి దారంతో కుట్టించుకోండి. కాగితం పల్చన, పెన్నుతో గీతలు గీస్తే అవతలి పక్క కనపడుతుంది, పెన్సిల్ వాడండి.

నా లెక్కలో 5కి 3. క్షేత్రమితి, సాంఖ్యక శాస్త్రం, నిరూపణలకి 4 ఇస్తాను. పదసమస్యలకి 2 ఇవ్వడానికి కూడా చెయ్యి రావడం లేదు.

పాతది సగం ధరకి వస్తుందని లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో కొనేవాళ్లు విషయసూచిక చూడండి. 2024-25 నుంచి మన పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. విషయసూచికలో సమితులు అనే పాఠం ఉంటే అది పాత సిలబస్ గైడ్, షాపులో ఎంత తగ్గించి ఇస్తానన్నా తీసుకోవద్దు.